వంటింటి గుమ్మంలో అడిగే ప్రశ్న

రీసెర్చ్ గైడు అంటే ఏం పని చేస్తారండీ అని మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒకసారి నన్ను అడిగాడు. పిల్లలు రాసుకొచ్చింది చదివి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, చివర్లో సంతకం పెట్టడం అని చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు, కానీ అసలు పని అది కాదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఎవరికీ భయపడక్కర్లేదు, కావలసినంత తీరిక ఉంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న వాళ్ళకి నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. ప్రమోషన్లు, కమిటీలు, ఫైళ్ళ సంగతి వదిలేస్తున్నాను. అవి ఎవరి నెత్తిన పడ్డప్పుడు వాళ్ళకే తెలుస్తాయి.

నా సబ్జెక్టు సమాజశాస్త్రం. విజయవాడ చుట్టుపక్కల, కృష్ణా డెల్టా ఊళ్ళలో కులం, మతం, ఆడపుట్టుక ఈ మూడూ ఎక్కడ కలుసుకుంటాయి, కలుసుకున్నచోట మనిషికి ఏమవుతుంది అన్నదే నా దగ్గర పీహెచ్‌డీ చేసిన పిల్లలందరి పని. నేను రైతు కుటుంబంలో పుట్టినదాన్ని. గన్నవరం దాటాక మా ఊరు. కాస్తో కూస్తో పొలం, మేడ, ఊళ్ళో పరపతి ఉన్న ఇల్లు. ఇది గొప్పకి చెప్పటం లేదు. మా పనిలో అడిగేది ఎవరో తెలియకపోతే, చెప్పింది నిజమో కాదో తేల్చలేం.

నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ మొదటి అధ్యాయంలో అమెరికాని దించేవాడు. నల్లజాతి స్త్రీ కష్టం నల్లజాతి మగవాడి కష్టమూ కాదు, తెల్ల స్త్రీ కష్టమూ కాదు, రెండూ కలిసి మూడోది అవుతుంది అని అక్కడి వాళ్ళు చెప్పారు. మంచి ఆలోచనే, నేనూ పాఠం చెప్పాను. కానీ మావాళ్ళు దాన్ని పేజీలకి పేజీలు తెలుగు చేసి, ఆఖర్న "మన దేశంలో కూడా పరిస్థితి ఇలాగే ఉన్నది" అని ఒక్క వాక్యం తగిలించేవారు. ఆ ఒక్క వాక్యమే నాయనా నీ థీసిస్, మిగతాది తీసేసి దాని సంగతి చూడు అనేదాన్ని. కొంతమంది మొహం ముడుచుకునేవారు. కొంతమంది నిజంగానే తీసేసి వచ్చేవారు. ఆ రెండో రకం వాళ్ళతోనే నాకు పని పడింది.

కుర్చీ

రవళి అని ఒక అమ్మాయి ఉండేది. మాలాంటి కుటుంబమే, చురుకైన పిల్ల. మైలవరం వైపు మామిడి తోటల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళ మీద పని చేస్తానంది. అక్కడ వాళ్ళ బాబాయికి తోటలున్నాయి. ఆయనే కారులో తీసుకెళ్ళి, కూలీలని పోగుచేసి, "మా అమ్మాయి ఏదో అడుగుద్ది, చెప్పండి" అని పరిచయం చేశాడట. రవళి చాలా సంతోషంగా తిరిగొచ్చింది. అంత త్వరగా ఎవరి ఫీల్డ్‌వర్కూ పూర్తి కాలేదు.

చదివి చూశాను. కూలి సరిపోతోందట. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ తేడా ఏమీ లేదట. తోట యజమానులు బంగారం లాంటి వాళ్ళట. అందరూ ఒకే మాట, ఒకే వరసలో. ఇది కూలీల ఇంటర్వ్యూ కాదమ్మా, మీ బాబాయికి ఇచ్చిన సన్మానపత్రం అన్నాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ వెళ్ళమన్నాను, ఈసారి బస్సులో, బాబాయి తోటలున్న ఊరికి కాకుండా ఇంకో ఊరికి.

వెళ్ళింది. అక్కడ ఆమెకి కుర్చీ తెచ్చి వేశారు, వాళ్ళు నేల మీద కూర్చున్నారు. రవళి అప్పటికే నా పాఠాలు విని ఉందేమో, కుర్చీ పక్కకి నెట్టి తనూ నేల మీద చతికిలబడింది. వాళ్ళంతా గతుక్కుమని లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె అందట:

"మీరు కింద కూచుంటే మేమింకెక్కడ కూచోవాలమ్మా?"

ఆ మాట రవళి నాకు చెప్పినప్పుడు మేమిద్దరం నవ్వుకున్నాం. తరవాత నేను దాన్ని ఏటేటా క్లాసులో చెప్పేదాన్ని. మన మంచితనం చూపించుకోవడానికి ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు, ఇచ్చిన కుర్చీలో కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలి అని. బాగా చెప్పేదాన్ననే పేరుండేది నాకు.

ఫొటోల రూలు

మా డిపార్ట్‌మెంటు హెడ్ గారి గురించి చెప్పాలి. మనిషి మంచివాడే. ఆయన చేతికింద చాలాకాలం పనిచేశాను, పోట్లాడుకున్నాం, ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరం వెళ్ళాం. ఆయన ఎప్పుడో గైడుగా ఉన్నప్పుడు ఒక కుర్రాడు గడప దాటకుండా హాస్టల్ గదిలోనే కూర్చుని, ప్రశ్నాపత్రాలన్నీ రంగురంగుల పెన్నులతో తనే నింపి థీసిస్ సమర్పించాడు. అది బయటపడి ఆయన పరువు పోయింది. అప్పటి నుంచీ ఆయనకి ఎవరి మాట మీదా నమ్మకం లేదు. థీసిస్ వెనక అనుబంధంలో ఫొటోలు ఉండాల్సిందే: విద్యార్థి చేతిలో ప్రశ్నాపత్రం, పక్కన మాట్లాడిన మనిషి, కింద పేరూ ఊరూ.

మన యూనివర్సిటీల్లో ఈ అలవాటు చాలాచోట్ల ఉంది. ఏ లైబ్రరీలోనైనా థీసిస్ తీసి వెనక పేజీలు చూడండి. బీడీలు చుట్టే ఆవిడ, మంగళగిరి మగ్గం మీద నేసే ఆవిడ, పాచిపని చేసే ఆవిడ, అందరూ బిగుసుకుపోయి కెమెరా వైపు చూస్తూ ఉంటారు. లోపల అధ్యాయాల్లో మాత్రం "పేర్లు మార్చబడినవి" అని ఉంటుంది. ఇందులో తప్పేమిటో చాలాకాలం ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ ఫొటోల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. దీవెన వచ్చేదాకా తట్టలేదు.

దీవెన తెచ్చిన సంగతి

దీవెన నా ఆఖరి విద్యార్థిని. గుణదల కొండవాలులో ఇల్లు. దళిత క్రైస్తవ కుటుంబం. తండ్రి ఇళ్ళకి రంగులేస్తాడు, తల్లి అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతుంది. తక్కువ మాట్లాడే పిల్ల, కానీ మాట్లాడితే మనం ఆగి ఆలోచించుకోవాల్సి వచ్చేది. ఏ అంశం తీసుకుంటావంటే, వంటమనుషులు మేడమ్ అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. విజయవాడ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే మనిషిని ఎవరూ పెద్దగా ఏమీ అడగరు. వంటకి మాత్రం గుమ్మంలోనే "మీరేమిట్లమ్మా?" అని కులం అడుగుతారు. వంటపనికి జీతం ఎక్కువ, ఒంటికి శ్రమ తక్కువ. అందుకని తన పేటలో కొందరు ఆడవాళ్ళు ఇంకో పేరు పెట్టుకుని, ఇంకో కులం చెప్పుకుని వంటలో చేరారు. లిఫ్టులో అద్దం చూసుకుని బొట్టు పెట్టుకుంటారు, దిగేటప్పుడు తుడుచుకుంటారు. గుడ్ ఫ్రైడే నాడు జ్వరమని ఫోన్ చేస్తారు. ఆదివారం ఇళ్ళల్లో చుట్టాలొస్తారు, స్పెషల్ వంటలుంటాయి, కాబట్టి చర్చి మానేస్తారు. ఏళ్ళ తరబడి ఆదివారం ఆరాధనకి రానివాళ్ళున్నారు. బయటపడితే ఒక్క ఇల్లు కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ పని దొరకదు.

అంతవరకు ఎవరైనా రాస్తారు. దీవెన ఇంకో అడుగు వేసింది. అదే పేట మగవాళ్ళు అవే వంటిళ్ళలోకి వెళ్తున్నారు. గ్యాస్ స్టవ్ బాగుచేస్తారు, చిమ్నీ బిగిస్తారు, ఫ్రిజ్ మోసుకొచ్చి పెడతారు. ఏమిట్లు అని వాళ్ళనెవరూ అడగలేదు. ఒకింట్లో తమ్ముడు సొంత పేరుతో వాటర్ ఫిల్టర్ బిగించాడు, అక్క దొంగపేరుతో ఆ నీళ్ళతోనే పప్పు వండుతోంది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నారట. కులం ఒకటే, మతం ఒకటే, గుమ్మమూ ఒకటే. అడిగింది మాత్రం ఆడమనిషినే. పుస్తకాల్లో ఎంతో మంది ఎంతో కష్టపడి చెప్పిన సంగతి ఈ పిల్ల ఒక పేజీలో తేల్చేసింది.

ఇంకో అధ్యాయంలో పని ఇచ్చే వాళ్ళతో మాట్లాడింది. చదువుకున్న ఇల్లాళ్ళందరూ ఒకటే మాట: "మాకేం పట్టింపు లేదమ్మా, మా అత్తగారి కోసం అడిగాం." ఆ అత్తగార్లని అడిగితే, "నాదేముంది, ఇవ్వాళో రేపో పోయేదాన్ని, కోడలికే పట్టింపు." ఆ పేజీ చదివి పకపకా నవ్వాను. మార్జిన్‌లో "చాలా బాగుంది" అని రాశాను. మా ఇంట్లోనూ అంతే, మా అత్తగారికి పట్టింపు ఎక్కువ అని దీవెనతో అన్నాను కూడా. ఆ పిల్ల తల వూపి ఊరుకుంది.

పంచదార లేని టీ

మావారు పోయాక ఇంట్లో నేనూ, అత్తగారూ ఇద్దరమే. ఆవిడ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు వంటకి అనసూయ అనే ఆమెని పెట్టుకున్నాం. వచ్చిన రోజు గుమ్మంలో మామూలుగా అడిగే నాలుగు మాటలూ అడిగి లోపలికి రమ్మన్నాం. ఏలూరు వైపు రైతులమని చెప్పింది. నుదుట రూపాయంత బొట్టు, నెమ్మదైన మాట, అద్భుతమైన చెయ్యి. అత్తగారు లేచి నడిచిందే ఆమె వంట తిని అని మా చుట్టాలు అనేవారు. ఏళ్ళు గడిచాయి. ఆదివారాలు కూడా పొద్దున్నే వచ్చేది.

ఒకరోజు దీవెన అధ్యాయం పట్టుకుని మొదటిసారి మా ఇంటికి వచ్చింది. హాల్లో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. అనసూయ నాకు కాఫీ, ఆ పిల్లకి పంచదార లేని టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. దీవెన కాఫీ తాగదు, టీలో పంచదార వేసుకోదు. డిపార్ట్‌మెంటులో ఎన్నోసార్లు చూశాను కాబట్టి నాకు తెలుసు. అనసూయకి ఎలా తెలుసు? అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. నేను కప్పు వైపు చూశాను, దీవెన నా వైపు చూసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరం మళ్ళీ అధ్యాయంలోకి వెళ్ళిపోయాం. ఆ తరవాత దీవెన మా ఇంటికి రాలేదు. ఏదైనా ఉంటే డిపార్ట్‌మెంటులోనే చూపిస్తాను మేడమ్ అనేది. నాకు అర్థమైంది, నాకు అర్థమైందని ఆమెకీ అర్థమైంది. మా వంటిల్లు ఆ థీసిస్‌లో ఏదో ఒక పేజీలో ఉంది.

గుణదలలో ఆదివారం

థీసిస్ సమర్పించే ముందు హెడ్ గారు అనుబంధం తిరగేసి, ఫొటోలు ఏవమ్మా అన్నారు. లేవండి అంది దీవెన. కనీసం పేర్లు, అపార్ట్‌మెంట్ల పేర్లు పెట్టమన్నారు. పెట్టనండి అంది. పెడితే ఆ ఆడవాళ్ళ అన్నం పోతుందండి అని కూడా చెప్పింది. ఆయనకి తన పాత దెబ్బ గుర్తొచ్చినట్టుంది. ఇంత ఆశ్చర్యమైన విషయం రాసి, ఒక్క ఆధారమైనా చూపించకపోతే ఇది పరిశోధన ఎలా అవుతుంది, కథ అవుతుంది కానీ అన్నారు. ఆయన అడిగింది అన్యాయమని నేను అనను. ఆ పిల్ల పెట్టనన్నదీ న్యాయమే.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది. ఇంకెవరివైనా ఫొటోలు పెట్టెయ్ అని స్నేహితులు సలహా ఇచ్చారు. ఆ పని చేస్తే నేను సంతకం పెట్టనని చెప్పాను. ఆ అధ్యాయం తీసేస్తాను మేడమ్ అంది దీవెన. అది తీసేస్తే మిగిలేది అమెరికా. రెండు రోజులు ఆమె డిపార్ట్‌మెంటుకి రాలేదు. మానేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. తల్లి అంట్లు తోమి చదివించిన పిల్ల, ఆ తల్లిలాంటి వాళ్ళని కాపాడటానికే చదువు వదిలేసుకుంటుందా అని దిగులేసింది.

చివరికి హెడ్ గారి దగ్గరికి వెళ్ళి, నేను స్వయంగా వాళ్ళందర్నీ కలిసి, ఇది నిజమని గైడుగా సంతకం పెడతాను, సరిపోతుందా అన్నాను. ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. "మీ మాట మీద వదిలేస్తున్నాను మేడమ్," అన్నారు. అంతకన్నా పెద్ద మాట ఆయన నోట నేను వినలేదు.

దీవెన వాళ్ళనందర్నీ అడిగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం గుణదలలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మెట్లెక్కి వెళ్ళేసరికి ముందుగదిలో చాపల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చీరలు, నుదుట బొట్టు లేదు. నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. నేను అందులోనే కూర్చున్నాను. అప్పుడు లోపలి గదిలోంచి అనసూయ వచ్చింది.

తరవాత తెలిసింది, ఆమె దీవెనకి సొంత మేనత్త. నువ్వు రావొద్దత్తా అని దీవెన బతిమాలిందట. నేను దాక్కుంటే మిగతావాళ్ళు ఏ ధైర్యంతో వస్తారే అందట ఆమె. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇక్కడ నా పేరు మార్తమ్మండి," అంది. "రేపు పన్లోకి రావాలో వద్దో ఇప్పుడే చెప్పండమ్మా. వీళ్ళు కూడా వింటారు."

రమ్మన్నాను. పెద్దమ్మగారికి చెబుతారా అని అడిగింది. చెప్పనన్నాను. ఆవిడకి పట్టింపు, అనవసరంగా గొడవ అనుకున్నాను. తరవాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పారు, నేను విన్నాను, దీవెన రాసిన దానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. సంతకం పెట్టాను. థీసిస్ ఫొటోలు లేకుండా వెళ్ళింది.

మర్యాదలు

సోమవారం ఆమె వచ్చింది. ఎప్పటిలాగే బొట్టు పెట్టుకుని, అనసూయగానే వచ్చింది. మారింది నేను. గారు అని పిలవడం మొదలుపెట్టాను. నేనే కాఫీ కలిపి ఇచ్చి, వచ్చి సోఫాలో కూర్చోమనేదాన్ని. కూర బాగుందని పూటపూటకీ చెప్పేదాన్ని. ఆమె కూరలు తరుగుతుంటే పక్కన నిలబడి పిల్లల చదువుల గురించి అడిగేదాన్ని. కొత్తగా ఈ మర్యాదలేమిటే అని అత్తగారు లోపల్నించి అరిచారు ఒకరోజు.

నెల తిరక్కుండానే ఆమె మానేస్తానంది. ఎవరూ ఏమీ అనలేదు కదా అన్నాను. ఎవరూ ఏమీ అనలేదండి అంది.

"మీరు వంటింట్లోకొచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతందండి. ఉప్పు సరిపోయిందా అని అడగాలన్నా బెరుగ్గా ఉంటంది. ఇదివరకు వండేసి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు రోజూ మీ మంచితనం చూసుకోవాల్సొస్తంది."

కుర్చీలో కూర్చోవాలని ఏటేటా పిల్లలకి చెప్పినదాన్ని, నా ఇంట్లో నేనే నేల మీద చతికిలబడ్డాను. ఆమెని ఆపలేకపోయాను. కొత్త గైడులకి నేను చెప్పేది ఇదే: పేరు రాయకపోయినా, ఫొటో పెట్టకపోయినా, తెలుసుకోవడం అనేదానికే ఒక ఖర్చు ఉంది. ఆ ఖర్చు పెట్టుకునేది మనం కాదు. ఈ సంగతి ఏ పద్ధతుల పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఆ తరవాత మా ఇంట్లో వంటమనుషులు వచ్చారు, పోయారు. ఒకామె చారులో బెల్లం వేసేది. అత్తగారు సగం అన్నం కంచంలో వదిలేసేవారు. అనసూయ ఎందుకు మానేసింది అని అడిగితే వాళ్ళ ఊరు వెళ్ళిందని చెప్పాను.

వైవా భోజనం

దీవెన వైవా నా రిటైర్మెంటుకి ముందు జరిగింది. సెమినార్ హాలు నిండింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మంచి ప్రశ్నలే వేశారు. ఆఖర్న హెడ్ గారు లేచి, అంతా బాగానే ఉంది కానీ పేరు మార్చుకుని, కులం మార్చి చెప్పి పనిలో చేరడం మోసం కాదా, దాని గురించి ఎక్కడా రాయలేదేం అన్నారు.

"అబద్ధమేనండి," అంది దీవెన. "వాళ్ళు పేరు మార్చారు. వంటలో మాత్రం ఏమీ మార్చలేదండి. ఇన్నేళ్ళు తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు కదండీ."

హాల్లో కొందరు నవ్వారు. హెడ్ గారు నవ్వలేదు కానీ కూర్చున్నారు. డిగ్రీ సిఫారసు చేశారు.

వైవా అయ్యాక విద్యార్థి అందరికీ భోజనం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పిల్లలు అప్పుచేసైనా హోటల్ నుంచి తెప్పిస్తారు. దీవెన పేటలోని ఆడవాళ్ళే వండి, స్టీలు క్యారియర్లలో పంపారు. పులిహోర, గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, సేమ్యా పాయసం. హెడ్ గారు పులిహోర రెండోసారి వేయించుకున్నారు. ఎవరు వండారని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. తరవాతి ఏడాది నుంచి ఫొటోలు తప్పనిసరి కాదని ఆయనే కాగితం పంపారు. ఆయన తన పదవీకాలంలో వెనక్కి తీసుకున్న రూలు నాకు తెలిసి అదొక్కటే.

వెళ్ళేటప్పుడు దీవెన ఒక డబ్బాలో పులిహోర పెట్టి, మామ్మగారికివ్వండి మేడమ్ అంది. సాయంత్రం అత్తగారికి గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఒక ముద్ద తిని ఆగారు. ఇంకో ముద్ద తిన్నారు.

"అనసూయ వచ్చిందా?" అన్నారు.

లేదన్నాను. ఈ తాలింపు దానిదే, నాకు తెలీదా, ఊర్నించి వస్తే రమ్మని కబురు పెట్టు, ఈ చారు తాగి చచ్చేట్టున్నాను అన్నారు. నేను బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేశాను. అత్తగారు మిమ్మల్ని రమ్మంటున్నారు అని చెప్పాను.

"ఏ పేరుతో రమ్మంటన్నారండీ?" అంది ఆమె.

ఒక్క నిమిషం ఉండండి అని, ఫోన్ చేతిలో పట్టుకునే అత్తగారి దగ్గరికి వచ్చాను. ఆమె పేరు అనసూయ కాదని, మార్తమ్మ అని, గుణదల అని, ఎవరో ఏమిటో మొత్తం చెప్పేశాను. ఆవిడ వింటూనే గిన్నె ఖాళీ చేశారు. చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కున్నారు.

"నీకెప్పట్నించి తెలుసు?"

చెప్పాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు పట్టింపు కదా అత్తయ్యా."

"నాకా?" అన్నారావిడ. "నేను మంచంలో ఉన్నా. గుమ్మంలో నిలబెట్టి మీరేమిట్లమ్మా అని అడిగింది నువ్వేగా అమ్మాయ్."

దీవెన అధ్యాయంలో ఆ పేజీ పక్కన నేను రాసిన "చాలా బాగుంది" కళ్ళముందు కనబడింది. ఒళ్ళంతా సిగ్గేసింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆ ప్రశ్న అడిగిన గొంతు నాదే.

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె అంతా వినే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మార్తమ్మ గారూ," అన్నాను. "మీ పేరుతోనే రండి."

నేను ఇంకే మాటా కలపకుండా ఆగాను.

"అట్టయితే ఆదివారాలు రానండి," అంది మార్తమ్మ. "చర్చికెళ్ళాలి."